మాట తప్పని చెయ్యి

మనిషి చేతిలో ఇరవై ఏడు ఎముకలు పెట్టి, వాటిని ఒకదానికొకటి ఒరుసుకోకుండా నడిపించే దేవునికి స్తోత్రం. మేము చదువుకుని, సర్టిఫికెట్లు తెచ్చుకుని, ఆ చేతిని బాగుచేయబోయి పాడుచేసినా మా మీద కోపం పట్టలేక వదిలేయని ఆయన ఓర్పుకు మహిమ కలుగును గాక. ఈ నాలుగు పేజీలు అబద్ధం కలపకుండా రాసే బుద్ధి ఇమ్మని ఆయన్నే అడిగి మొదలుపెడుతున్నాను.

మా సంఘంలో ఇప్పుడు ఫిజియోథెరపీ చదివే పిల్లలు ముగ్గురు నలుగురు ఉన్నారు. ఆదివారం ఆరాధన అయిపోగానే నా చుట్టూ చేరి, "అంకుల్, మీరు రీసెర్చ్ చేసిండ్రట గద, అది రాయండి" అంటారు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నడవలేనివాళ్లను నడిపించిన సంగతులు ఉన్నాయి. వాటి గురించి ఎవరూ అడగరు. సరే, అడిగింది రాస్తాను. చదివి మురిసిపోకండి.

తెలంగాణ ఉద్యమం ఊరూరా రోడ్డెక్కిన రోజులు. హైదరాబాదులోని ఒక పెద్ద ఆసుపత్రి వాళ్లు కీళ్లవాతం మీద పరిశోధన తలపెట్టారు. ముసలితనంలో మోకాళ్లు అరిగే నొప్పి కాదు ఇది. వేళ్ల కణుపులు వాచి, పొద్దున లేవగానే పిడికిలి ముడుచుకోకుండా బిగుసుకుపోయే జబ్బు. దీనికి మందులు ఎలాగూ ఇస్తారు. మందులతో పాటు చేతులకు కసరత్తు చేయిస్తే ఎంత మేలన్నది వాళ్ల ప్రశ్న. చేతులతోనే బతికే ఆడవాళ్లు కావాలన్నారు. కోరుట్లలో, సిరిసిల్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లకు కొదవేముంది. జగిత్యాలలో ఉన్న నన్ను కోరుట్లకు పెట్టారు. సిరిసిల్లకు అక్కడే పుట్టిపెరిగిన ఒక ముస్లిం తమ్ముడిని పెట్టారు. వయసులో నాకన్నా పదేళ్లు చిన్న, మాటలో ఇరవై ఏళ్లు పెద్ద.

పద్ధతి ఇది. జబ్బున్న ఆడవాళ్లను చీటీ వేసి రెండు గుంపులు చేయాలి. ఒక గుంపుకు మందులతో పాటు పన్నెండు వారాలు కసరత్తు. గోరువెచ్చని నీళ్లలో పిడికిలి మూసి తెరవడం, బొటనవేలితో మిగతా నాలుగు వేళ్లను వరసగా తాకడం, తడిపిన పిండి ముద్దను పిసకడం లాంటివి. రెండో గుంపుకు మందులు, జాగ్రత్తలు రాసిన ఒక కాగితం. వాళ్లకు కసరత్తు చెప్పకూడదు. పన్నెండో వారం కొలతలు అయిపోయాక చెప్పొచ్చు. కసరత్తు నేర్పినవాడు కొలతలు తీయకూడదు. ఎవరు ఏ గుంపో తెలిసినవాడి చెయ్యి తనకు తెలియకుండానే ఒకవైపు మొగ్గుతుందట. అందుకని కోరుట్ల ఆడవాళ్లను సిరిసిల్ల తమ్ముడు కొలవాలి, సిరిసిల్ల వాళ్లను నేను కొలవాలి. ఎవరు ఏ గుంపో మాకు చెప్పొద్దని ఆడవాళ్లకు ముందే చెప్పాం. నేను సిరిసిల్లలో మొదటి రోజు కుర్చీలో కూర్చున్నానో లేదో, ఒకామె వచ్చి చెయ్యి చాపి, "నేను కసరత్తుల లేను సారూ, గా కాగితం గుంపు. చూసి మంచిగ రాయుండ్రి" అంది. పరిశోధన అంటే ఏమిటో నాకు ఆ రోజే అర్థమై ఉండాల్సింది.

కోరుట్లలో మా ఆడవాళ్లలో సగానికి పైగా ఒకే వాడలో ఉండేవాళ్లు. ఆ వాడలో ఒక అవ్వ ఇంటి ముందు పొడుగాటి అరుగు ఉంది. వెలుతురు బాగా పడుతుంది. పొద్దున వంట కాగానే తలా ఒక చాట పట్టుకుని అందరూ అక్కడికే వస్తారు. చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి ఒత్తుతూ సాయంత్రం దాకా అక్కడే. ఒకామె కూర వండిన సంగతి మిగతా వాళ్లకు తెలియకుండా ఉండదు. హైదరాబాదు వాళ్లు ఇచ్చిన ఫారంలో ఇంటి నంబరు అడిగారు, వయసు అడిగారు, ఎంతమంది పిల్లలని అడిగారు. పగలంతా ఎక్కడ కూర్చుంటావని అడగలేదు. వాళ్లకు తెలియదు, పోనీ. నాకు తెలుసు. నా సొంత చిన్నమ్మ బీడీలు చుట్టింది. అరుగు మీద కూర్చున్న వాళ్లలో నలుగురు కసరత్తు గుంపులో పడ్డారు, నలుగురు కాగితం గుంపులో పడ్డారు. నేను సంతోషంగా సంతకం పెట్టాను.

కాగితం గుంపులో పడ్డ నలుగురిలో ఒకామె మా సంఘపు మనిషి. కోరుట్లలో మాకు చిన్న ప్రార్థన మందిరం ఉంది. నెలకొక ఆదివారం నేను పోయి వాక్యం చెప్పేవాణ్ని. ఆమె ముందు వరసలో చాప మీద కూర్చునేది. భర్త చనిపోయి ఏళ్లయింది. ఒక బిడ్డ, ఆ పిల్లకు కూడా పెళ్లయిపోయింది. ఆమెకు ఉన్నదల్లా బీడీ కార్డు. రోజుకు వెయ్యి బీడీలు అప్పజెప్పే వాళ్లకే కంపెనీ కార్డు ఉంటుంది. కార్డు ఉంటే రేపు పింఛను ఉంటుంది. కుడి బొటనవేలు, చూపుడువేలు వాచి, ఆమె ఆరేడు వందల దగ్గర ఆగిపోతోంది. ఆకు తెచ్చిచ్చి బీడీలు తీసుకుపోయే టేకేదారు ఆమెకు గడువు పెట్టాడు.

"దసరా దాటేదాక చూస్త అక్కా. గప్పటికి వెయ్యి అందకుంటే కార్డు ఇంకొకామెకు రాస్త. నన్ను తిట్టుకోకు."

ఆమె ఈ మాట నాతో చెప్పింది. చీటీ కవరు విప్పి కాగితం గుంపు అని నేను చదివినప్పుడు, "నాకు కసరత్తు రాలేదా సారూ" అని అడిగింది. పన్నెండో వారం దసరాకు మూడు వారాల ముందే వస్తుంది. ఆ తరువాత నేర్పినా టైం ఉంటుందని మనసులో లెక్క వేసుకున్నాను. ఆమెతో మాత్రం వేరే మాట అన్నాను. చీట్లు వేయడం లేఖనాల్లో ఉన్నదే కదా, చీటీ ఎవరికి ఏది రావాలో దేవుడే చూస్తాడని చెప్పాను. హైదరాబాదులో ఎవరో కంప్యూటరు ముందు కూర్చుని చేసిన చీటీని నేను దేవుడికి అంటగట్టాను. అప్పుడు నాకది భక్తిలాగే అనిపించింది.

తరువాతి ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె నా దగ్గరికి వచ్చింది.

"సారూ, పక్కామె చేస్తుంటే చూస్తున్న. చూసి నేర్చుకుంటే తప్పైతదా?"

ఈ ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే. తప్పేనని చెప్పాను. పరీక్ష పాడైపోతుందని, ఎంతోమంది రోగులకు మేలు జరగాల్సిన పని అని చెప్పాను. అంతటితో ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. "ప్రభువు ముందర మాట ఇయ్యి, నేను నేర్పేదాక చెయ్యనని" అన్నాను. ఒట్టు పెట్టుకోవద్దని ఆయన ఎంత స్పష్టంగా చెప్పాడో నోటికి వచ్చినవాణ్నే ఈ పని చేశాను. ఆమె తల మీద కొంగు సర్దుకుని, "ఇచ్చిన సారూ" అంది.

పదకొండో వారంలో సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి, బడులు మూశారు, ఆఫీసులకు తాళాలు పడ్డాయి. నేను కూడా జగిత్యాలలో దీక్షా శిబిరంలో కూర్చున్నాను. మనస్ఫూర్తిగానే కూర్చున్నాను, అందులో నాకు సిగ్గు లేదు. హైదరాబాదు నుంచి ఈ పరిశోధన చూసే మేడం రోజూ ఫోన్ చేసేది.

"సమ్మె అయితే ఏమండీ, పన్నెండో వారం పన్నెండో వారమే కదా. ఎలాగోలా వెళ్లిపోండి."

"బస్సులు లేవు మేడం. కొలిచే అతను సిరిసిల్లలో ఉన్నాడు."

"మరి మీరే కొలిచేయకూడదూ?"

"నేను కొలవకూడదని మీరే రాశారు మేడం."

"అవునవును, మీరు కొలవకండి. కానీ పన్నెండో వారం మాత్రం దాటనివ్వకండి."

ఇట్లా నాలుగు వారాలు గడిచాయి. కొలతలు కాకుండా మాట ఇచ్చిన ఆమెకు కసరత్తు నేర్పకూడదు. తమ్ముడు రాకుండా కొలతలు కావు. బస్సులు లేకుండా తమ్ముడు రాడు. నేను ఈ మూడు మాటలు శిబిరంలో పక్కన కూర్చున్న వాళ్లందరికీ చెప్పి వాపోయాను. జగిత్యాల నుంచి కోరుట్లకు ఎంత దూరమో మీకు తెలుసు. మా ఇంటి వరండాలో సైకిల్ ఉంది. సైకిల్ తొక్కుకుంటూ పోయి, "అమ్మా, నీ మాట నీకు తిరిగి ఇచ్చేస్తున్న, చేసుకో" అని చెప్పి రావడానికి అరపూట చాలు. నాకు ఆ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. నియమం గుర్తొచ్చి మళ్లీ పోయింది. ఆ లోపల బతుకమ్మలు అయిపోయాయి, దసరా కూడా దాటిపోయింది.

దసరా పోయిన నాలుగో రోజు తమ్ముడు చెప్పకుండా మోటారు సైకిల్ మీద మా ఇంటికి దిగాడు. పిడికిలి బలం కొలిచే యంత్రాన్ని లుంగీలో చుట్టి ముందర పెట్టుకున్నాడు.

"బస్సుల కోసం కూసుంటే మనం రిటైర్ అయిపోతం అన్నా. ఎక్కు."

మేడిపల్లి దగ్గర రోడ్డు మీద వంటావార్పు జరుగుతోంది. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు, పొయ్యిల మీద గుండిగలు. మమ్మల్ని ఆపారు. లుంగీ మూట చూసి ఒక యువకుడు, "ఏంది భాయ్ గది" అన్నాడు.

"పిడికిలి ఎంత గట్టిగున్నదో చూసే మిషన్" అన్నాడు తమ్ముడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

తరువాత గంటన్నర ఏం జరిగిందో ఊహించుకోండి. మండలంలోని ప్రతి పిడికిలినీ కొలవాల్సి వచ్చింది. ఒక పెద్దమనిషి గట్టిగా పిసికి సూది చూసి, "ఇంతేనా, మిషన్ల ఏదో తేడా ఉన్నది" అని మళ్లీ పిసికాడు. ఇంకొకాయన, "ఆంధ్రోళ్లది ఎంతుంటది" అని అడిగాడు. తమ్ముడు మొహం సీరియస్‌గా పెట్టి, "గా లెక్క హైదరాబాద్‌ల ఉన్నది, మాకు చెప్పలేదు" అన్నాడు. అందరూ నవ్వారు. అన్నం తిననిదే పోనివ్వలేదు. విస్తరి ముందు కూర్చుని నేను వాచీ చూసుకుంటున్నాను. అవతల ఒక మనిషి కార్డు పోతోందని ఎవరికి చెప్పను. అక్కడున్నవాళ్లు తమ రాష్ట్రమే పోయిందని కూర్చున్నారు.

కోరుట్లలో అవ్వ ఇంటి లోపలి గదిలో తమ్ముడు కొలతలు పెట్టాడు. గుంపుల సంగతి తెలిసినవాణ్ని కాబట్టి నేను గదిలో ఉండకూడదు, అరుగు మీద కూర్చున్నాను. ఒక్కొక్కరే లోపలికి పోయి వస్తున్నారు. అందరి మొహాలూ కళకళలాడుతున్నాయి. చివరికి తమ్ముడు బయటికి వచ్చి నా పక్కన కూలబడ్డాడు.

"అన్నా, నీకు మొక్కుత. ఎనిమిది మందిల ఏడుగురికి మస్తు బాగైంది. ఎవరికి నేర్పినవో ఎవరికి నేర్పలేదో నాకు సమజైతలేదు. అందరికీ నేర్పినవా ఏంది?"

"నలుగురికే నేర్పిన."

అరుగు అవతలి మూల నుంచి అవ్వ అందుకుంది. "నలుగురికి నువ్వు నేర్పితివి. నలుగురు మాకు నేర్పిరి. నాకు జబ్బు లేకున్నా నేను సుత చేస్తున్న, పొద్దుగాల పానం మంచిగుంటున్నది." ఆకు తడపడానికి నీళ్లు పోసే గంగాళం చూపించింది. "గీ గంగాళంలనే అందరం వేళ్లు పెట్టి చేస్తం. ఒకామె లెక్కబెడుతది."

"చెప్పుకోవద్దని అన్న గద అవ్వా."

"అన్నవు. నొప్పికి మందు తెలిసినంక పక్కామెకు చెప్పొద్దంటే ఎట్ల బిడ్డా? గదేం వైద్యం?"

నాకు కోపం వచ్చింది. నాలుగు నెలల పని, సంతకాలు, ప్రయాణాలు ఆ గంగాళంలో కలిసిపోయాయి. కోపంలో చాలాసేపు అసలు సంగతి అడగనే లేదు. తమ్ముడే అన్నాడు.

"ఆ ఎనిమిదో ఆమె చెయ్యి మాత్రం బాగలేదన్నా. పోయినసారి కన్న తగ్గింది. బొటనవేలు పక్కకు ఒరిగింది. ఆమెకేమైంది?"

అరుగు మీద అందరూ ఒకేసారి మాట్లాడారు. చెప్పినా వినలేదన్నారు. బతిమాలినా వినలేదన్నారు. వాళ్లు గంగాళం చుట్టూ చేరిన ప్రతిసారీ ఆమె చాట తీసుకుని గోడవైపు తిరిగి కూర్చునేదట. నేను ఆమె వైపు చూశాను. అప్పుడు కూడా గోడ పక్కనే కూర్చుని ఉంది.

"మాటిచ్చిన గద సారూ" అంది. "మీరు వస్తరు వస్తరు అని చూసిన. బస్సులు లేకపాయె."

"కార్డు?"

"మొన్ననే తీసుకపోయిండు."

నేను ఏదో అనబోయాను. ఆమె నన్ను ఆపి, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "నాకొకటి అర్థం కాలేదు సారూ. మీరు ఒక ఆదివారం చెప్పిండ్రు గద, ఊచచెయ్యి, గదే చెయ్యి ఎండిపోయిన మనిషి సంగతి. విశ్రాంతి దినం ముట్టుకోవద్దని అందరన్నా ప్రభువు బాగుచేసిండని. ఆయన గా మనిషిని దినం దాటినంక రమ్మనలేదు గద. నన్ను మాత్రం ఎందుకు ఆగుమన్నడు?"

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు తేలికయ్యేది. నేను ఆ వాక్యం చెప్పిన రోజు అందరూ ఆమేన్ అన్నారు, నేను నా ప్రసంగానికి నేనే పొంగిపోయాను. ఆగుమన్నది ఆయన కాదు, నేనని చెప్పాను. అరుగు మీద ఎనిమిది మంది వింటుండగానే చెప్పాను. తరువాత గంగాళంలో వెచ్చని నీళ్లు పోయించి, ఆమె చెయ్యి పట్టుకుని కసరత్తు మొదలుపెట్టాను. పక్కామె ముందుకు జరిగి, "నువ్వు జరుగు సారూ, గట్ల కాదు, మేము చెప్తం" అంది.

ఆ సాయంత్రం టేకేదారు ఇంటికి పోయాను. అతను చెడ్డవాడేమీ కాదు. కుర్చీ వేసి చాయ్ ఇచ్చాడు. ఆమె చెయ్యి అట్లా కావడానికి నేను కూడా కారణమని చెప్పి, రెండు నెలలు ఆగమని బతిమాలాను.

"మీరు ఎందుకు నేర్పలేదు సారూ ఆమెకు?"

"మాకొక నియమం ఉంది."

"నాకు సుత ఉన్నది" అన్నాడు. "మీ నియమం కోసం మీరు ఆమెను ఆపిండ్రు. నా నియమం కోసం నేను తీసేసిన. నన్నెట్ల అడుగుతరు?"

చాయ్ సగంలో వదిలేసి వచ్చాను.

జరిగింది జరిగినట్టు హైదరాబాదుకు రాశాను. తమ్ముడు కూడా సిరిసిల్ల సంగతి రాశాడు, అక్కడ ఆడవాళ్లు వేర్వేరు వాడల్లో ఉండబట్టి కొంత నయం. మేడం ఫోన్ చేసి, కోరుట్ల కాగితాలన్నీ పక్కన పెట్టేస్తున్నామంది. అరుగు మీది ఎనిమిదీ పోయాయి. అందులో ఆమెది కూడా.

"ఆమె ఒక్కతే మీరు చెప్పినట్టు నడుచుకుంది మేడం. ఆమె కాగితమైనా ఉంచండి" అన్నాను.

"ఒక్కరితో ఏం చేసుకుంటామండీ" అంది.

తప్పు పట్టలేను. లెక్కల్లో మేడం మాట నిజమే. మా సంఘపు మనిషి ఆ కసరత్తు మొదటి రోజునుంచీ చేసి ఉంటే చెయ్యి పూర్తిగా బాగయ్యేదని కూడా నేను చెప్పలేను, ఆ జబ్బు అంత తేలికైనది కాదు. పక్కన కూర్చున్న ఏడుగురు వెయ్యి చుట్టారని మాత్రం చెప్పగలను. ఆమె తరువాత ఒక బడిలో వంట పనికి కుదిరింది. గంటె ఎడమ చేత్తో తిప్పడం నేర్చుకుంది. కుడి బొటనవేలు అట్లాగే ఒరిగి ఉండిపోయింది.

మీరంతా రేపు పరిశోధనలు చేస్తారు. చేయండి, చేయొద్దని అనడం లేదు. అవి లేకపోతే మా తరం చేసిన తప్పులు మీరూ చేస్తారు. చీటీలు వేయండి, గుంపులు చేయండి, కొలతలు సరిగ్గా తీయండి. రోగి పగలంతా ఎవరి పక్కన కూర్చుంటుందో ముందు అడగండి. అన్నిటికన్నా ముఖ్యం, మీ నియమానికి దేవుడి పేరు కాపలా పెట్టకండి. నియమం మీది, తప్పితే జవాబు చెప్పాల్సింది మీరే.

ఇక ఈ కాగితం పక్కన పెట్టి, ఒక్క నిమిషం నాతో పాటు కళ్లు మూసుకోండి. తండ్రీ, కోరుట్లలో నీ బిడ్డ కుడి చేతిని జ్ఞాపకం చేసుకో. నీ పేరు చెబితే నమ్మి ఆ చెయ్యి ఆగిపోయింది. ఆపమన్నది నువ్వు కాదని ఆమెకు నువ్వే నచ్చజెప్పు. నేను చెబితే నవ్వి ఊరుకుంటోంది.